విండోస్ 10 ఆగిపోయింది, జిరాక్స్-డీటీపీ షాపులో లినక్స్ నడుస్తదా?

చౌరస్తా_జిరాక్స్ (హన్మకొండ)

అన్నలకు నమస్తే. షాపుల రెండు సిస్టమ్స్ ఉన్నయి. కౌంటర్ మీదిది ఐ5 6500, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. లోపల డీటీపీది ఐ3 4130, 4 జీబీ ర్యామ్, అదే సైజు డిస్క్. రెండిట్లో విండోస్ 10. రెండూ విండోస్ 11కు పనికిరావని చూపిస్తున్నది. కొత్తవి కొనే ఆలోచన ఇప్పట్ల లేదు.

కౌంటర్ సిస్టమ్ మీద దోస్త్, ఎప్‌సెట్ కౌన్సెలింగ్, ఈ-పాస్ స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, హాల్‌టికెట్లు, వాట్సాప్ వెబ్ నుంచి పీడీఎఫ్ ప్రింట్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, స్కానింగ్, కాకతీయ యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు నడుస్తయి. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల కోసం వేలిముద్ర డివైజ్ కూడా దానికే ఉంది. డీటీపీ సిస్టమ్‌లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్స్, ఫోటోషాప్. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీ మ్యాటర్ అక్కడ. ఆపరేటర్ తెలుగును యాపిల్ అనే కీల అమరిక మీదనే కొడతడు, వేరే లేఅవుట్ రాదు.

ప్రింటర్లు మూడు: కెనాన్ ఎల్‌బీపీ2900, ఎప్సన్ ఎల్3210, పాత హెచ్‌పీ లేజర్‌జెట్ 1020.

రెండు సిస్టమ్స్‌నూ లినక్స్‌కు మార్చొచ్చా? మార్చితే ఏ పని ఆగుతది? పాత పేజ్‌మేకర్ ఫైళ్లు పోవద్దు. అడ్మిషన్ల సీజన్ల కౌంటర్ ఒక్క పూట కూడా బందు పెట్టలేం.

కాజీపేట_హార్డ్‌వేర్

రెండూ మార్చొద్దు. కౌంటర్‌ది మార్చండి, డీటీపీది అట్లనే ఉంచి దానికి నెట్ తీసేయండి. ఎందుకో చెప్తా.

ముందు విండోస్ సంగతి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో అయిపోయినయ్. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి లెక్క, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా కావాలి. 6వ జనరేషన్ బోర్డుల బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) పీటీటీ ఆన్ చేస్తే టీపీఎం వస్తది గానీ ప్రాసెసర్ లిస్టుల లేదు. రూఫస్ అనే పెన్‌డ్రైవ్ రాసే ప్రోగ్రామ్‌తో చెకింగ్ తప్పించి 11 ఎక్కించేటోళ్లు ఉన్నరు, ఎక్కుతది కూడా. కానీ అట్ల ఎక్కించిన సిస్టమ్‌కు అప్‌డేట్ల గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలె. జనం ఆధార్ నంబర్లు, బ్యాంక్ పాస్‌బుక్కులు పడే కౌంటర్ మీద ఆ పని నేను చెప్పను. అట్లని 10నే ఏండ్లకేండ్లు లాగుడు కూడా కుదరదు. విండోస్ 7కు క్రోమ్ 109తోనే ఆగిపోయింది, 2023లో. రేపు 10కు కూడా బ్రౌజర్లు ఆగితే పోర్టల్స్ ఒక్కొక్కటి తెరుచుకోకుండ అయితయి.

కౌంటర్ పనిలో దోస్త్, కౌన్సెలింగ్, ఈ-పాస్, వాట్సాప్ వెబ్ అన్నీ బ్రౌజర్‌లో అయ్యేవే. లినక్స్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఉంటయి, ఆ పనికి తేడా ఏం తెల్వదు. 8 జీబీ ఉంది కాబట్టి లినక్స్‌లో మింట్ 22 సిన్నమన్ అనే రకం వేయండి. స్టార్ట్ మెనూ, కింద టాస్క్‌బార్ అన్నీ విండోస్ లెక్కనే ఉంటయి, కుర్రాళ్లకు నేర్పే పని తక్కువ. ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తయి.

డిస్క్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్తున్నా: ఇప్పుడున్న 500 జీబీ డిస్క్‌ను ముట్టుకోవద్దు. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనండి, లినక్స్ దాంట్లో ఎక్కించండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్క్ సాటా డేటా కేబుల్ పీకి పక్కన పెట్టండి. ఎందుకంటే రెండు డిస్కులు తగిలి ఉంటే, ఎస్‌ఎస్‌డీని ఎంచుకున్నా కూడా బూట్‌లోడర్‌ను (సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్‌ను) పాత డిస్క్‌లో ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనే రాసే అలవాటు ఆ ఇన్‌స్టాలర్‌కు ఉంది. తర్వాత పాత డిస్క్ తీసేసిన రోజు లినక్స్ లేవదు, ఎందుకు లేవట్లేదో ఎవరికీ అర్థం కాదు. కేబుల్ పీకితే ఆ గొడవే లేదు. అయిపోయినంక కేబుల్ తిరిగి పెట్టి, బయోస్‌లో ఎస్‌ఎస్‌డీని మొదటిది చేయండి. విండోస్ కావాల్సినప్పుడు ఆన్ కాగానే బూట్ మెనూ కీ కొట్టాలి: ఆసుస్ బోర్డుకు ఎఫ్8, గిగాబైట్‌కు ఎఫ్12, ఎంఎస్‌ఐకి ఎఫ్11. సీజన్‌లో ఏదన్నా అడ్డం తిరిగితే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి పాత విండోస్‌లోకి పోవచ్చు. మీ కౌంటర్ బందు కాదు.

పాత విండోస్‌లో ఉండగానే చేయాల్సినవి రెండున్నయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు పోయి, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా మూతపడదు, సగం నిద్రల ఉంటది. లినక్స్ నుంచి ఆ డిస్క్ తెరిస్తే ఫైళ్లు కనిపిస్తయి గానీ దాంట్లో సేవ్ కాదు. చాలామంది డిస్క్ ఖరాబైందనుకునేది ఇక్కడనే. రెండోది బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉందో లేదో చూసుకోండి. ఉంటే ముందే ఆఫ్ చేయండి, అది డిక్రిప్ట్ అయ్యేదాక ఆగండి.

మింట్ ఐఎస్‌ఓ ఫైల్ దాదాపు 3 జీబీ ఉంటది, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతది. రూఫస్‌తో రాయండి, దాంట్లో ఉన్నదంతా పోతది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ నడుస్తది. వెంటనే ఇన్‌స్టాల్ కొట్టొద్దు. ముందు ఒక హాల్‌టికెట్ ఎప్సన్ మీద ప్రింట్ తీయండి, ఒక స్కాన్ చేయండి, ఒక పోర్టల్ తెరవండి. యూఎస్‌బీ వైఫై డాంగిల్ పట్టకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తది, డ్రైవర్ తర్వాత దించుకోవచ్చు. ఇన్‌స్టాలర్‌లో మల్టీమీడియా కోడెక్స్ టిక్ పెట్టండి. యూపీఎస్ బ్యాటరీ మంచిగ ఉందో లేదో చూసి మొదలు పెట్టండి, మధ్యల కరెంట్ పోతే మళ్లీ మొదటి నుంచి చేయాలె.

ఎక్కినంక ముందు టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టండి. అది సిస్టమ్ ఫైళ్లనే దాస్తది, మీ ఫోటోలు, అప్లికేషన్ పీడీఎఫ్‌లు దాంట్ల రావు. వాటికి బ్యాకప్ విడిగా ఉండాల్సిందే.

జిరాక్స్ షాపుకు లినక్స్‌తో ఇంకో పెద్ద లాభం ఉంది. పిల్లలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లలో షార్ట్‌కట్ వైరస్ సంగతి మీకు తెలిసిందే: ఫైళ్లన్నీ దాచేసి వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు పెడతది. మింట్‌లో ఆ వైరస్ నడవదు, పైగా విండోస్ దాచిన ఫైళ్లు కూడా మామూలుగనే కనిపిస్తయి. "అన్నా, రిపోర్ట్ పోయింది" అని వచ్చిన పిల్లకు అక్కడికక్కడే తీసి ఇవ్వొచ్చు. డీటీపీ సిస్టమ్‌కు బయటి పెన్‌డ్రైవ్ ఇగ నేరుగా పెట్టొద్దు. అన్నీ కౌంటర్ దగ్గర తెరిచి, కావాల్సిన ఫైల్ ఒక్కటే మీ సొంత పెన్‌డ్రైవ్‌లో లోపలికి పంపండి.

తెలుగు_టైపింగ్_కరీంనగర్

డీటీపీ సిస్టమ్‌ను కదపొద్దన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కారణం పేజ్‌మేకర్ కన్నా అను ఫాంట్సే.

అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరం ముక్కలను, గుణింతపు గుర్తులను, వొత్తులను పేర్చి పెట్టిన ఫాంట్లు అవి. కీబోర్డును పట్టుకుని ఏ కీకి ఏ ముక్క పంపాలో చూసేది అను స్క్రిప్ట్ మేనేజర్. అది విండోస్ లోపల ఒక ప్రోగ్రామ్‌కూ కీబోర్డుకూ మధ్య కూర్చుని పని చేస్తుంది కాబట్టి, లినక్స్‌లో విండోస్ ప్రోగ్రామ్‌లు నడిపే వైన్‌లో పేజ్‌మేకర్ తెరుచుకున్నా ఈ ముక్క నమ్మకంగా నడుస్తుందని ఆశ పెట్టుకోవద్దు. రేపు పొద్దున ముహూర్తం ఉన్న పత్రికను దాని మీద కొట్టించలేం.

పాత ఫైళ్లు తెరిచి చూడటానికి మాత్రం లినక్స్‌లో దారి ఉంది. లిబ్రెఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను తెరుస్తుంది. పేజ్‌మేకర్ లాంటి స్క్రైబస్ కొత్త వెర్షన్లు కూడా తెరుస్తాయి. కానీ అక్షరాలు ఇంగ్లిష్ చెత్తలాగా కనిపిస్తాయి, ఎందుకంటే ఫైల్‌లో నిజంగా ఉన్నవి ఆ ఇంగ్లిష్ కోడ్‌లే. డిజైన్ కొలతలు కూడా అక్కడక్కడ జరుగుతాయి. అందుకని ఇప్పుడే, విండోస్ నడుస్తుండగానే, మళ్లీ మళ్లీ వాడే పత్రికల డిజైన్లను ఫాంట్లు ఎంబెడ్ అయ్యేలా పీడీఎఫ్ చేసి దాచుకోండి. పేజ్‌మేకర్ ఫైలు, దానిలో లింకైన బొమ్మలు, ఆ పీడీఎఫ్, మూడూ ఒకే ఫోల్డర్‌లో. బొమ్మలు వేరే డ్రైవ్‌లో ఉండిపోతే ప్రింట్‌లో మసక ప్రివ్యూ మాత్రమే వస్తుంది. దేవుడి బొమ్మ మసకగా వచ్చిన పత్రికను ఏ ఇంటివాళ్లూ తీసుకోరు.

కొత్త మ్యాటర్ మాత్రం ఈ రోజు నుంచే యూనికోడ్‌లో మొదలు పెట్టమని గట్టిగా చెబుతాను. మీ ఆపరేటర్‌కు భయం అక్కర్లేదు, లినక్స్‌లో యాపిల్ లేఅవుట్ ఉంది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ ఎక్కించి, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఆ తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద చూస్తే యాపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లు వరుసగా ఉంటాయి. లాగవుట్ కాకుండా వెతికితే తెలుగు కనిపించదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

లేఅవుట్ పేరు అదే అయినా చేతికి ఒక తేడా తగులుతుంది. అనులో వొత్తు అంటే ఒక విడి ముక్క. యూనికోడ్‌లో హల్లు, తర్వాత పొల్లు, తర్వాత రెండో హల్లు కలిసి వొత్తు అవుతుంది. 'లక్ష్మి' అని కొడితే లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వరుసగా నిలుస్తాయి. ఆపరేటర్ చేత క్ష్మ, త్స్య, ర్ధ్య, స్త్ర లాంటివి ఉన్న ఒక పేజీ కొట్టించి, ఎక్కడ తడబడుతున్నాడో చూసుకున్నాకే కస్టమర్ పనికి పెట్టండి. పొల్లు విడిగా నిలబడాలంటే, అంటే 'ఫ్లెక్స్‌లు' అన్నప్పుడు స-ల కలిసి వొత్తు పడకుండా ఉండాలంటే, పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. లిబ్రెఆఫీస్‌లో ఇంగ్లిష్ కీబోర్డుకు మారి 200C అని కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే అది పడుతుంది.

లిబ్రెఆఫీస్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్ పెట్టి తెలుగు ఎంచుకోవడం మరిచిపోవద్దు. స్టైల్‌లో ఫాంట్ మార్చినా తెలుగు మారట్లేదని అడుగుతుంటారు. అక్కడ ఇంగ్లిష్‌కు ఒక ఫాంట్, సీటీఎల్ పేరుతో తెలుగుకు ఇంకో ఫాంట్ ఉంటాయి, రెండోది మార్చాలి.

ఫాంట్లకు కొదవ లేదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫాంట్స్-తెలుగువిజయం అని వెతికితే సిలికానాంధ్ర వాళ్ల రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు, ధూర్జటి వంటివి ఒక్కసారే వస్తాయి. పోతన2000, వేమన2000 కూడా విడి ప్యాకేజీగా ఉన్నాయి. బమ్మెర మన పాలకుర్తి పక్కనే కాబట్టి పోతన పేరున్న ఫాంట్‌తో ఒక కరపత్రమైనా మీ షాపు నుంచి వెళ్లాలని నా కోరిక. పత్రికల శీర్షికలకు రామభద్ర బరువుగా, నిండుగా ఉంటుంది. చిన్న అక్షరాల మ్యాటర్‌కు మండలి మేలు. అనులో ఉన్నన్ని సొగసైన పెండ్లి పత్రికల ఫాంట్లు యూనికోడ్‌లో ఇంకా లేవు, అది ఉన్న మాటే. అందుకే పత్రికలు పాత సిస్టమ్‌లో, కరపత్రాలు, రిపోర్టులు కొత్త దాంట్లో అని పంచుకోండి.

డిజైన్‌కు స్క్రైబస్ వాడితే 1.6 వరుసదే వాడండి. పాత 1.4లో తెలుగు వొత్తులు సరిగా కూడవు. ఒక్క పేజీ పోస్టర్లకైతే ఇంక్‌స్కేప్ ఇంకా సులువు.

యూనివర్సిటీ రిపోర్టుల మాట కూడా చెప్పాలి. పిల్లలు వర్డ్‌లో టైమ్స్ న్యూ రోమన్, కాలిబ్రి, కాంబ్రియా వాడతారు. అవి లేకపోతే పేజీలు జరిగి విషయసూచికలో నంబర్లు తప్పుతాయి. లిబరేషన్ సెరిఫ్, కార్లిటో, కలాడియా ఫాంట్లు ఎక్కిస్తే అక్షరాల వెడల్పు ఆ మూడింటితో వరుసగా సరిపోతుంది, లైన్లు జరగవు. అయినా బైండింగ్ పనికి మాత్రం పిల్లలను పీడీఎఫ్ తెమ్మనండి. సమీకరణాలు, టేబుళ్లు ఉన్న వర్డ్ ఫైల్‌ను వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి నేరుగా వంద పేజీలు కొట్టొద్దు.

జమ్మికుంట_సర్వీస్

ప్రింటర్ల సంగతి నేను చెప్త.

ఎప్సన్ ఎల్3210కు ఢోకా లేదు. ఈఎస్‌సీపీఆర్ డ్రైవర్ మింట్‌లోనే దొరుకుతది, కేబుల్ పెట్టంగనే పడతది. స్కానింగ్‌కు డాక్యుమెంట్ స్కానర్ అని మింట్‌లో ఉన్నదే సరిపోతది, పట్టకపోతే ఎప్సన్ స్కాన్ 2 లినక్స్‌కు కూడా ఇస్తరు. హెడ్ క్లీనింగ్, ఇంక్ లెవెల్ చూసుడుకు ఎప్సన్ ప్రింటర్ యుటిలిటీ దించుకోన్రి. ఇంక్ ప్యాడ్ నిండినప్పుడు మెకానిక్ వాడే రీసెట్ ప్రోగ్రామ్ మాత్రం విండోస్‌దే, అప్పుడు పాత డిస్క్ నుంచి బూట్ చేయాలె.

హెచ్‌పీ 1020 నడుస్తది గానీ దాని గుణం తెలిసి ఉండాలె. దాంట్ల ఫర్మ్‌వేర్ నిల్వ ఉండదు, ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటరే దానికి పంపాలె. అందుకని హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ ఒక్కటే ఎక్కిస్తే చాలదు, దాని ప్లగిన్ కూడా దించాలె, ఆ టైమ్‌కు నెట్ ఉండాలె. హెచ్‌పీలిప్ అప్‌డేట్ అయినప్పుడు ప్లగిన్ వెర్షన్ తేడా వచ్చి ప్రింట్ ఆగుతది. లైట్ ఎలుగుతది, జాబ్ పోయినట్టే కనిపిస్తది, పేపర్ మాత్రం గుంజదు. ప్లగిన్ మళ్లీ ఎక్కిస్తే సరి. కార్ట్రిడ్జ్ మార్చే పని పెట్టుకోకున్రి.

అసలు ఇబ్బంది ఎల్‌బీపీ2900తోనే. అది క్యాప్ట్ అనే కెనాన్ సొంత భాష తప్ప ఇంకోటి అర్థం చేసుకోదు, పేజీ తయారు చేసే పనంతా కంప్యూటర్ మీదనే వేస్తది. లినక్స్‌కు కెనాన్ ఇచ్చిన డ్రైవర్ పాతది, 32-బిట్ లైబ్రరీలు అడుగుతది, వెనుక ఒక సర్వీస్ నడుస్తుండాలె. ప్రింటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఒక్కోసారి అది దొరకదు. క్యాప్ట్‌డ్రైవర్ అని ఓపెన్ సోర్స్‌ది కూడా ఉంది, కానీ సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవాలె. రోజంతా జనం నిలబడే కౌంటర్‌కు రెండూ వద్దు. 2900ను డీటీపీ సిస్టమ్‌కు మార్చుకోన్రి, అక్కడ విండోస్ ఉంటది కాబట్టి మంచిగ నడుస్తది. 1020ను కౌంటర్‌కు తెచ్చుకోన్రి. రెండిటికీ కార్ట్రిడ్జ్ ఒకటే తీరు, 12ఏ డిజైన్‌దే, రీఫిల్లింగ్‌కు కూడా ఇబ్బంది లేదు.

రేపు కొత్త లేజర్ కొంటే డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందో లేదో చూడున్రి. ఉంటే లినక్స్‌కు డ్రైవర్ అవసరమే పడదు.

పాస్‌పోర్ట్ ఫోటోలకు ఫోటోషాప్ లాంటి గింప్ చాలు. 35×45 మిల్లీమీటర్లకు 300 డీపీఐలో 413×531 పిక్సెల్స్. 4×6 పేపర్ మీద ఎనిమిది పడతయి. పోర్టల్‌కు 50 కేబీ లోపల కావాలంటే జేపెగ్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ టిక్ పెట్టి క్వాలిటీ తగ్గించుకుంట పోతే సైజు అక్కడనే కనిపిస్తది.

చౌరస్తా_జిరాక్స్ (హన్మకొండ)

అందరికీ చాలా థ్యాంక్స్. ఎస్‌ఎస్‌డీ తీసుకుంట, 2900 లోపలికి మారుస్త. వేలిముద్ర డివైజ్ సంగతి ఎవరూ చెప్పలే. లినక్స్ లోపలనే ఇంకో సిస్టమ్ నడిపే వర్చువల్ బాక్స్‌లో విండోస్ వేసి దాంట్ల నడిపించొచ్చా? ఇంకోటి, రెండు డిస్కులు పెడితే టైం తప్పు చూపిస్తదని విన్న.

కాజీపేట_హార్డ్‌వేర్

టైం తేడా నిజమే, సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వస్తది. బోర్డు మీది గడియారంలో విండోస్ మన టైం రాస్తది, లినక్స్ గ్రీనిచ్ టైం రాస్తది. టైం తప్పుంటే బ్రౌజర్ సైట్ సర్టిఫికెట్లను ఒప్పుకోక పోర్టల్ తెరవకపోవచ్చు, అందుకని దీన్ని వదిలేయొద్దు. మింట్ టెర్మినల్‌లో timedatectl set-local-rtc 1 అని కొట్టండి. లినక్స్ కూడా మన టైమే రాస్తది.

వేలిముద్రకు వర్చువల్ బాక్స్ సలహా ఇయ్యను. ఆ డివైజ్‌తో ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ నడుస్తది. వెబ్ పేజీ అదే కంప్యూటర్‌లో 11100 నుంచి 11120 మధ్య పోర్టుల్లో దాన్ని వెతుకుతది. అంటే బ్రౌజర్, ఆర్‌డీ సర్వీస్, డివైజ్ మూడూ ఒకే విండోస్ లోపల ఉండాలె. లినక్స్ బ్రౌజర్‌లో పేజీ తెరిచి వర్చువల్ విండోస్‌లో డివైజ్ పెడితే దొరకదు. మొత్తం లోపలనే పెట్టినా యూఎస్‌బీ మధ్య మధ్యల తెగుతది, 8 జీబీలో రెండు సిస్టమ్‌లు బరువైతయి. పెద్దమనిషి మళ్లీ మళ్లీ వేలు పెట్టాల్సి వస్తే ఇబ్బంది ఆయనకే.

ఇంతకన్నా ఫోన్ మేలు. ఆర్‌డీ సర్వీస్‌లు ఆండ్రాయిడ్‌కు ఉన్నయి, ఓటీజీ కేబుల్‌తో మీ డివైజ్ మోడల్ పడుతదో చూసుకోండి. లైఫ్ సర్టిఫికెట్‌కైతే జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ పెట్టుకుంటే ముఖంతోనే అయిపోతది, డివైజే వద్దు. సింగరేణిలో పని చేసినోళ్లకు, వయసు మళ్లినోళ్లకు వేలి గీతలు అరిగి ముద్ర పడక ఇబ్బంది అయితది కదా, వాళ్లకు ఇదే నయం. వెలుతురు ముఖం మీద పడేటట్టు కూర్చోబెట్టండి, వెనుక లైట్ ఉంటే పట్టదు.

ఏ పనికన్నా కంప్యూటర్‌లోనే వేలిముద్ర తప్పదంటే కౌంటర్ పాత డిస్క్‌లోని విండోస్ 10ను ఆ పనికి మాత్రమే ఉంచండి. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలె. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర ఈఎస్‌యూకు (గడువు దాటినంక ఇచ్చే అదనపు అప్‌డేట్లకు) మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదైతే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తయి. పని కాంగనే రీస్టార్ట్ చేసి మింట్‌లోకి రండి, దాంట్ల మెయిల్, వాట్సాప్ తెరవొద్దు.

నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ, ఎండకాలం చివర అడ్మిషన్ల రద్దీ. ఆ రెండిటి మధ్య ఖాళీ ఉన్న వారంలో, ఆదివారం మధ్యాహ్నం మొదలు పెట్టండి. బయోస్ స్క్రీన్ దగ్గర ఏదన్నా అర్థం కాకపోతే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, బోర్డు మోడల్ నంబర్ కూడా రాయండి.